ముప్పై ఏడో వరుస

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి.
ఎర్రబాలుశెట్టి వీధి కచేరీలో
పంకా లాగే కుర్రాడు నిద్రపోతే
కాగితాలు ఎగరవు గదా అని
సూపరింటెండెంటు లేపలేదు.

ఇకనుంచి పట్నాన్ని పట్నమే ఏలుకుంటుందని
సర్కారువారి ఉత్తరం.
ఎవరెవరు ఏలాలో
పన్ను పుస్తకం చూసి రాయమన్నారు నన్ను.

పెద్దనాయకునిపేట.
మిద్దెలు, పెంకుటిళ్లు, గొడ్లచావళ్లు,
ఎవరి గోడ ఎంత పొడుగో నాకు కంఠతా.
ఏడాదికి పాతిక రూపాయలు కట్టినవాడు జాబితాలోకి,
ఇరవై నాలుగు రూపాయల ముప్పావలా కట్టినవాడు
తిరిగి వీధిలోకి.
నేనా? ముత్యాలపేటలో ఒకరి వంటింటి వెనక గది,
అద్దె రూపాయిన్నర.
రాసే చేతికి వరుస లేదు.

ముప్పై ఏడు: గానుగ చెంగమ్మ.
ఇల్లొకటి, గానుగలు రెండు, ఎద్దులు మూడు.
ఒకటి గుడ్డిది, దానికి గంతల ఖర్చు లేదు.
మొగుడు పోయి పదకొండేళ్లు.
బాకీ ఒక్కనాడూ లేదు.
రాశాను. గుండ్రంగా, తీరిగ్గా రాశాను.

మూడోరోజు సూపరింటెండెంటు వేలు
ఆ వరుస దగ్గర ఆగింది.
"ఇది ఆడపేరు కాదుటయ్యా?"
"అవునండి."
"మరి?"
మరికి నా దగ్గర జవాబు లేదు.
ఎర్రసిరా సీసా ఉంది.

శెట్టిగారి మనుషులు గుమ్మం గుమ్మానికీ
కలకండ పొట్లాలు పంచారు.
వకీలుగారి మనుషులు కరపత్రం పంచారు,
ఒకవైపు అరవం, ఒకవైపు తెలుగు,
రెండువైపులా తప్పులే.

ఆముదం కొలుస్తూ చెంగమ్మ అడిగింది:
"ఓటంటే ఏందయ్యా?
నాకు ఓటికుండ తెలుసు.
ఎన్ని నీళ్లు పోసినా నిలవవు."
"ఇంచుమించు అదే" అన్నాను.
నవ్వింది.
నవ్వుతుండగానే చెప్పేశాను, గీత సంగతి.

కొలపాత్ర అంచున వేలాడిన చుక్క
రాలిందాకా ఆగింది.
"పేరు కొట్టేస్తిరి.
పన్ను కూడా కొట్టేస్తిరా?"

ఓట్లనాడు
మూడువందల పదకొండు పేర్లకి
వచ్చినవాళ్లు నలభైముగ్గురు.
అందులో ఇద్దరు, కలకండ ఇక్కడేనా అని అడిగి
కాదంటే వెళ్లిపోయారు.
ఒక ముసలాయన సంతకం పెట్టాక కూడా
కలం వదల్లేదు చాలాసేపు.
"ఇంతేనా?" అన్నాడు.
నిరాశో, భయమో.
శెట్టిగారు గెలిచారు.
సాయంత్రం వాన పడింది, అందుకు కాదు.

మొదటి సభ. గోడవారగా నా బల్ల.
మాటలన్నీ ఇంగ్లీషులో.
శెట్టిగారు నాలుగుసార్లు తలాడించి
అయిదోసారి ఆవలించారు.
ఆయన వీధి మొగలో దీపస్తంభం మంజూరు.

కార్తీకంలో
దీపాల కంట్రాక్టరు లబలబలాడుతూ వచ్చాడు.
చెంగమ్మ వీశెకి అర్ధణా పెంచింది.
తక్కిన గానుగలవాళ్లదీ ఆమె మాటే.
పక్కపేటకు పోతే అక్కడా ఆమె మేనల్లుళ్లే.
ఏమిటమ్మా ఈ దౌర్జన్యం అంటే
"ఏముందయ్యా,
మా గానుగల్ని మేమే ఏలుకుంటున్నాం" అందట.

అర్ధణా మీద గంటన్నర చర్చ.
మురుగుకాలవల మీద, కలరా మీద
అంతసేపు జరగలేదు.
వకీలుగారి పక్షంవాళ్లు ఆర్థిక సూత్రాలు చెప్పారు.
బయట చీకటి పడుతోంది,
దీపాలవాడు నిచ్చెన భుజాన వేసుకుని
ఖాళీ డబ్బాతో మెట్లమీద కూర్చున్నాడు.
ఒప్పుకున్నారు.
ఖర్చుల పద్దులో రాశాను.

ఇంటికి పోతూ కొత్త స్తంభం కింద ఆగాను.
చంకలో జాబితా నకలు.
సన్నగా గీశానని చెప్పుకోలేను,
ఆరోజు పాళీ మొద్దు, గీత లావుగానే పడింది.
పేరంతా ఎరుపులో మునిగిపోయింది.
కింద వేలాడే మావత్తు ఒక్కటి
గీతకి అందలేదు.

తల పైకెత్తాను.
మంట నిలకడగా ఉంది.
ఆముదం మంచిది.
కల్తీ లేదు.